బట్టలారేసే తాడు

కుట్టు దుకాణం

తమ్ముడు ఫాదరు గారికి,

ముందు అక్క దీవెనలు. గురువువి కాబట్టి దీవించాల్సింది నువ్వే, ఒప్పుకుంటాను. కానీ నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని నేను. నావి పుచ్చుకున్నాక నీవి పంపు.

పీఠాధిపతుల కార్యాలయం నుంచి కబురొచ్చింది. ఈ ఏడు గురువుల నిధి కోసం ప్రతి విచారణ గుడికీ వెళ్లి, పూజ అయ్యాక జనంతో మాట్లాడమన్నారు. నేను బడి మొహం సరిగా చూడనిదాన్ని. కత్తెరా బైబిలూ తప్ప మూడో పనిముట్టు పట్టనిదాన్ని. 'పెద్ద చదువుల వాళ్లుండగా నేనెందుకు ఫాదర్' అని నిధి చూసే ఫాదరు గారిని అడిగాను. 'వాళ్లు మాట్లాడితే జనం నిద్రపోతున్నారమ్మా' అన్నాడాయన. మీ బావ పక్కనే ఉండి, 'ఈవిడ మాట్లాడితే పక్క విచారణ వాళ్లు కూడా లేస్తారు ఫాదర్' అన్నాడు. అందరూ నన్ను వెనకాల గంటమ్మ అంటారని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

నిధికి రెండు చేతులున్నాయి. ఒక చెయ్యి గురువులయ్యేందుకు గురువిద్యాలయంలో చదివే పిల్లలకు ఏళ్ల తరబడి తిండీ పుస్తకాలూ పడకా చూస్తుంది. రెండో చెయ్యి జబ్బుపడ్డ గురువులకు మందు, ముసలైపోయిన గురువులకు గూడు చూస్తుంది. నాకిచ్చిన కాగితంలో రెండూ ఉన్నాయి. నేను మొదటిదే చెప్తున్నాను. పిల్లల గురించి చెబితే జనం కొంగు ముడి విప్పుతారు. ముసలి గురువుల మాటెత్తితే గడియారం చూస్తారు. అయినా ప్రభువు పిలిచినవాడికి ముసలితనమేమిటి? మోషే నూట ఇరవై ఏళ్లు బతికాడు, పోయేనాటికి కూడా ఆయన కన్ను మసకబారలేదు. ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయం, తీసి చూడు. అన్ని చోట్లా ఇదే చెప్పి, ఆ వెంటనే నిన్ను చూపిస్తున్నాను. 'నా తమ్ముడున్నాడు, అరవై దాటాడు, ఇన్నేళ్లలో తన కోసం చెయ్యి చాపలేదు, నిధిలోంచి ఒక్క మాత్ర అడగలేదు' అంటాను. అక్కడ జనం తలలు ఊపుతారు.

మీ విచారణకీ నన్నే వేశారు. ఏ ఆదివారమో నువ్వే చెప్పు. ప్రసంగం రాసి ఇందులో పెట్టాను, చదువు.

ఇంకో మాట. పోయిన ఉత్తరం దుకాణానికి బోర్డు రాసినట్టు రాశావేంటి? నాలుగు మాటలకే పేజీ నిండిపోయింది. వరసలు కూడా కిందికి జారుతున్నాయి. మీ దగ్గర కాగితం అంత చవకా?

అక్క

విచారణ గృహం

అక్కా,

నీ దీవెనలు అందాయి. నావి ఇవిగో.

ప్రసంగం బాగుంది. గుడి పనుల్లో నాకు సాయముండే ఉపదేశి పైకి చదివాడు, నేను విన్నాను. నీ మాట చెవులతో వింటేనే బాగుంటుంది. చదువుతూ చదువుతూ ఆయన గొంతు కూడా నీలాగే లేచింది. ఎవరు కొట్టుకుంటున్నారోనని వంటావిడ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

మోషే కన్ను సంగతి అన్ని చోట్లా చెప్తున్నావా?

ఇప్పట్లో ఇటు రావొద్దు. వంతెన దగ్గర రోడ్డు కోసుకుపోయింది, బస్సులు తిరగడం లేదు. బాగుచేశాక రాస్తాను.

ఇక్కడి కబుర్లు ఏమున్నాయి. ఉపదేశి నా గుమ్మం నుంచి గుడి పక్కతలుపు దాకా బట్టలారేసే తాడు కట్టాడు. అదీ నడుమెత్తున. ఆ ఎత్తులో దుప్పటి వేస్తే సగం నేల మీదే ఉంటుంది. రెండుసార్లు కసిరాను. 'గాలికి బాగా ఆరతాయి ఫాదర్' అంటాడు గానీ తాడు మీద ఒక్క గుడ్డ ఉండదు. ఎలాగూ కట్టాడు కదా అని పోతూ వస్తూ దాని మీద చెయ్యి వేసుకుంటున్నాను.

జనానికి కూడా ఈ మధ్య ఏదో అయింది. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ ముందు తామెవరో చెప్పి ఆ తర్వాత దణ్ణం పెడుతున్నారు, నేను నిన్నే ఇక్కడికి వచ్చినట్టు. ఆఖరికి పాపాలు చెప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వచ్చినవాళ్లు కూడా తెర అవతల మోకరించి, 'ఫాదర్, నేను ఫలానా' అని మొదలుపెడుతున్నారు. 'ఆ తెర ఎందుకు వేశామనుకున్నావు' అని ఒకళ్లని అడిగాను. 'పేరు చెప్పకపోతే మీరు ఇబ్బంది పడతారని ఫాదర్' అని జవాబు. నాకేం ఇబ్బందో అర్థం కాలేదు.

బావ నడుం నొప్పి తగ్గిందా? కాగితం ఇక్కడ చవకే.

తమ్ముడు

కుట్టు దుకాణం

ఫాదరు గారికి,

ఈసారి తమ్ముడూ అని రాయబుద్ధి కాలేదు.

పాలవ్యాను డ్రైవరు రోజూ మీ వంతెన మీదుగానే వస్తాడు. అడిగాను. రోడ్డు అద్దంలా ఉంది, నీళ్లు పోసి ముఖం చూసుకోవచ్చు అన్నాడు. అబద్ధం ఎందుకు ఆడావు?

ఇది ఒకటే అయితే సరిపెట్టుకునేదాన్ని. మీ విచారణ నుంచి ఒకావిడ జాకెట్లు కుట్టించుకోవడానికొచ్చింది. కొలతలు తీస్తుంటే చెప్పింది. ఆ మధ్య పెళ్లికి నువ్వు తెల్ల వస్త్రం బదులు ఊదాది వేసుకుని వచ్చావట. పశ్చాత్తాపానికి వేసుకునే రంగు పెళ్లిపీఠం దగ్గర. పెళ్లికొడుకు మేనమామ, 'ఫాదరు గారు ముందే హెచ్చరిస్తున్నారు రా' అన్నాడట, అందరూ నవ్వారట. ఆవిడా నవ్వింది. నాకు చేతిలో టేపు జారిపోయింది. ఆ ఊదాది నువ్వు గురువైన నీ అభిషేకం నాటికి నేను కుట్టినదే. ఉతికి ఉతికి వెలిసిపోయింది, తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను. పీఠం మెట్టు మీద రెండుసార్లు తూలావని కూడా చెప్పింది. 'పాపం పెద్దాయన' అని ఊరుకుంది. ఆ పాపం అన్న మాట వెనక ఇంకేదో మింగింది.

జారిపోయే అక్షరాలు. తూలే కాళ్లు. మీ ఊరు రావొద్దనే అబద్ధం. నువ్వు రాసిన రెండు ఉత్తరాల మీదా ఎర్రటి మరక. నేను గుడ్డల మరకలతో బతికేదాన్ని, నాకు మరకలు దాచకు. నోవహు అంతటివాడు ద్రాక్షతోట వేసి ఏమయ్యాడో నీకు చెప్పాలా? జలప్రళయాన్ని దాటినవాడు తాగి గుడారంలో బోర్లాపడ్డాడు. పీఠం మీద పాత్రలో ఉండాల్సిన ద్రాక్షరసం నీ గ్లాసులోకి ఎప్పుడు దిగింది? నేను ఊరూరా నీ పేరు చెప్పి జనాన్ని నిలబెడుతుంటే, నువ్వు అక్కడ తాగుబోతువై నిలబడలేకపోతున్నావా?

బావ ఈ ఉత్తరం చింపెయ్యమన్నాడు. వినలేదు. నిజం రాయి. తప్పు చేస్తే తప్పని రాయి, నేను వచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తాను. లేకపోతే వచ్చే ఆదివారం బస్సెక్కుతాను.

అక్క

విచారణ గృహం

అక్కా,

నీ ఉత్తరం ఉపదేశే చదివాడు. నోవహు దాకా బాగా వచ్చాడు. తాగుబోతు అన్న మాట దగ్గర ఆగి, దగ్గి, 'ఇక్కడ అక్షరాలు కలిసిపోయాయి ఫాదర్' అన్నాడు. మా అక్క అక్షరాలు ఎప్పుడూ కలవవు, చదవవయ్యా అన్నాను. చదివి, పాపం, బయటికెళ్లిపోయాడు.

నేను తాగడం లేదు. మరకలు టీ డికాషన్‌వి. గ్లాసు ఎక్కడ పెట్టానో కనబడక చేత్తో తోశాను.

కనబడటం లేదక్కా. అదీ సంగతి. రాసేశాను.

ఏడాదిన్నర పైనే అయింది. మొదట దీపాల చుట్టూ గుండ్రంగా వెలుగు కనిపించేది, బాగుందే అనుకున్నాను. తర్వాత పూజగ్రంథంలో అక్షరాలు పాకడం మొదలుపెట్టాయి. ఇప్పుడు పేజీ మొత్తం పాలు ఒలికినట్టుంటుంది. పూజ నాకు నోటికొచ్చు కాబట్టి నడుస్తోంది. శనివారాలు ఉపదేశి మర్నాడు పూజలో చదవాల్సిన సువిశేషం చదువుతాడు, నేను బడిపిల్లాడిలా వల్లె వేస్తాను. పీఠం మీద పుస్తకం తెరిచి ముందు పెట్టుకుంటాను, చూసేవాళ్ల కోసం. ఉపదేశికి తప్ప ఇంకెవరికీ తెలియదు. సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు మాత్రం కష్టం. చేతులు కనబడతాయి, ముఖాలు కనబడవు. ఎవరికిస్తున్నానో తెలియకుండా ఇవ్వడం అలవాటు కాలేదు.

నాన్న గుర్తున్నాడు కదా. చూపు పోయాక కుర్చీలో కూర్చుని, అడుగుల చప్పుడు బట్టి మనిద్దరిలో ఎవరొచ్చారో చెప్పేవాడు. ఒక్కోసారి తప్పు చెప్తే నువ్వు నా గొంతుతో పలికేదానివి, ఆయన బాధపడకూడదని. ఆ జబ్బుకి మందు లేదని ఆనాడే చెప్పారు. అదే నాకూ వచ్చింది. ఆ మాట ఇంకో డాక్టరు నోట వినడం ఎందుకని వెళ్లలేదు. తెలిస్తే ఈ విచారణ తీసేసుకుంటారు. నాకిక్కడ తప్ప ఇంకెక్కడా ఎన్ని మెట్లున్నాయో తెలియదు.

నిధిని అడగొచ్చు కదా అంటావేమో. ఎలా అడగను? ఆ నిధి ఎవరికోసమో నువ్వు రాసిన ప్రసంగం ఉపదేశి నాకు చదివి వినిపించాడు. చదువుకునే పిల్లల కంచంలో నేను చెయ్యి పెట్టనా? మోషే కన్ను మసకబారలేదు. నాది మసకబారింది. నీ ప్రసంగంలో నాకు చోటు లేదు.

కోపం లేదక్కా. ఎవరికీ చెప్పకు.

తమ్ముడు

పీఠాధిపతుల కార్యాలయం, బయట బెంచీ

ఒరేయ్ తమ్ముడూ,

ఎవరికీ చెప్పకు అన్నావు. చెప్పేశాను.

నీ ఉత్తరం బావ చదివాడు, నేను మిషను దగ్గర కూర్చుని విన్నాను. ఆయన చదివేసి కళ్లద్దాలు తుడుచుకుంటుంటే నేను చెప్పులు వేసుకున్నాను. తెరిచిన కత్తెర తెరిచినట్టే ఉంది.

నిధి చూసే ఫాదరు గారి బల్ల ముందు నిలబడి, మా తమ్ముడికి చూపు పోతోంది, నిధిలోంచి చూపించడానికి ఎవరి కాళ్లు పట్టుకోవాలి అన్నాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు. 'అమ్మా, ఆయన తల మీద చేతులుంచి గురువుని చేసిన రోజు నుంచీ ఆయన మా పూచీ. సమాధి దాకా. మీకిచ్చిన కాగితంలో రెండో సగం అదే' అన్నాడు.

'ఆ సగం నేను చెప్పడం లేదు ఫాదర్.'

'తెలుసమ్మా.'

'తెలిసి నన్నెందుకు ఆపలేదు?'

'మిమ్మల్ని ఆపేవాళ్లు ఈ కార్యాలయంలో ఎవరున్నారు చెప్పండి.'

నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత నవ్వు లేకుండా ఒకటన్నాడు. ఈ ఏడు ఒంట్లో బాగాలేదని రాసే గురువులు బాగా తగ్గారట. అందరి ఆరోగ్యాలూ బాగుపడ్డాయని వీళ్లు సంతోషించారట. తమ్ముడూ, వాళ్లూ నీలాగే నా ప్రసంగం విని ఊరుకున్నారు. నాకు, మాట రాలేదు.

ఇది క్షమాపణ అనుకోకు. తాగుబోతు అన్నందుకు కొంచెం అనుకో.

నాన్నది నీకొచ్చిందని ఏ డాక్టరు చెప్పాడు? నీ అంతట నువ్వే చెప్పుకున్నావు. ఏలీయా ప్రవక్త కూడా అంతే, బదరీ చెట్టు కింద పడుకుని ఇక చాలు చచ్చిపోతానన్నాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, తిని లేవమన్నాడు. మీ బావ గురువారం వస్తున్నాడు. తిని, లేచి, ఆయనతో బయలుదేరు. నేను వస్తే దారి పొడుగునా మాట్లాడతానని నన్ను ఆపేశాడు. కంటి ఆసుపత్రికి చీటీ ఫాదరు గారు రాసిచ్చారు. నువ్వు తిరిగొచ్చేదాకా పూజలకు ఒక చిన్న ఫాదరు వస్తాడు. విచారణ ఎవరూ తీసుకోవడం లేదు, అది కూడా అడిగాను, గట్టిగానే అడిగాను.

అక్క

కంటి ఆసుపత్రి వరండా

అక్కా,

రాస్తున్నది బావ. చెప్తున్నది నేను.

డాక్టరమ్మ రెండు కళ్లలోకీ దీపం వేసి చాలాసేపు చూసింది. లోపల ఒత్తిడి కొలిచింది. నాన్న సంగతి చెప్పాను. మళ్లీ కొలిచింది. ఆ తర్వాత, 'మీ నాన్నగారిది వేరే జబ్బు. మీకు అది లేదు. మీది శుక్లం. బాగా ముదరబెట్టుకున్నారు. తీసేస్తే పోతుంది' అంది.

(ఇక్కడ మీ తమ్ముడు ఆగాడు. డాక్టరు గదిలో కూడా ఇలాగే ఆగాడు. ఆవిడ రుమాలు ఇచ్చింది. ఇది రాయొద్దంటున్నాడు. రాశాను. - బావ)

ఇన్నాళ్లు ఎందుకు రాలేదని తిట్టింది. నీ అంత గట్టిగా కాదు గానీ బాగానే తిట్టింది. మా అక్క ఒకతి ఉంది, మీరిద్దరూ కలవకుండా చూడాలి అన్నాను.

కుడికన్ను నిన్న అయింది. కట్టు ఉంది. నొప్పి లేదు. బావ బస్సులో నాలుగే మాటలు మాట్లాడాడు, నాలుగూ పనికొచ్చేవే.

(అయిదు. టికెట్టు దగ్గర ఒకటి. కట్టు రేపు విప్పుతారు. తమ్ముడు భోంచేస్తున్నాడు. నువ్వు మోకాళ్ల మీద నుంచి లేచి కాస్త పడుకో. - బావ)

తమ్ముడు

కుట్టు దుకాణం

తమ్ముడూ,

బావ ఉత్తరం అందగానే మిషను మీద తల పెట్టి ఏడ్చాను. ఏదో సరుకు పాడైందనుకుని పక్క దుకాణంవాళ్లొచ్చారు. శుక్లమండీ, శుక్లం అన్నాను. వాళ్లు నన్ను విచిత్రంగా చూశారు. జబ్బు పేరు చెప్పుకుని అంత సంబరపడే మనిషిని ఎక్కడ చూసి ఉంటారు.

నిన్న ఆదివారం పెద్ద విచారణలో మాట్లాడాను. మోషేనే పట్టుకున్నాను, వదల్లేదు. అయితే ఈసారి నిర్గమకాండానికి తీసుకెళ్లాను. కింద లోయలో యుద్ధం జరుగుతోంది, కొండ మీద మోషే చేతులెత్తి నిలబడ్డాడు. చేతులు ఎత్తినంతసేపూ మోషే జనం గెలుస్తున్నారు, దించితే ఓడుతున్నారు. కన్ను మసకబారని మోషేకి చేతులు బరువెక్కాయి. అప్పుడు మోషేకి ఎవరైనా ప్రసంగం చేశారా? కూర్చోవడానికి రాయి తెచ్చివేశారు. అన్న అహరోను ఒక చెయ్యి పట్టుకున్నాడు, తోడొచ్చిన హూరు ఒక చెయ్యి పట్టుకున్నాడు. పొద్దుగుంకేదాకా పట్టుకునే ఉన్నారు.

అక్కడ ఆగి జనాన్ని అడిగాను. 'మీకు జ్ఞానస్నానం ఇచ్చిన చెయ్యి ఎవరిది? మీ అమ్మ నుదుట చివరిసారి నూనె రాసిన చెయ్యి ఎవరిది? ఆ చెయ్యి తయారవడానికి మీ నాన్నలు నిధికి ఇచ్చారు. ఆ చెయ్యి బరువెక్కాక పట్టుకునేది ఎవరు? ఇన్నాళ్లూ ఈ సగం నేను మింగేశాను. నా తమ్ముడు ఏమీ అడగలేదని గొప్పలు చెప్పాను. అడగలేదు, నిజమే. అడక్క గుడ్డివాడు కాబోయాడు.'

ఒక్కళ్లు గడియారం చూడలేదు. మెట్ల మీద ఒక ముసలి ఫాదరు గారు నన్ను ఆపి, నా మోకాలి సంగతి కూడా రాయించమ్మా అన్నారు. అక్కడికక్కడే నిధి ఫాదరు గారి దగ్గరికి పట్టుకెళ్లాను.

నీకు కొత్త వస్త్రాలు పంపుతున్నాను. నీ ఉత్తరం వచ్చిన రాత్రే మొదలుపెట్టాను, నువ్వు చూస్తావని తెలియకముందు. మెడ లోపలివైపు వేలితో తడుము. తెల్లదానికి ఒక ముడి, పచ్చదానికి రెండు, ఎర్రదానికి మూడు, ఊదాకి నాలుగు. ఇప్పుడు అవసరం లేదు. విప్పబుద్ధి కాలేదు, ఉండనీ.

ఎడమకన్ను కూడా అయిపోయిందట కదా. రాయి. నీ చేత్తో రాయి.

అక్క

విచారణ గృహం

అక్కా,

ఈ అక్షరాలు చూడు. చీమలంత రాస్తున్నాను, గొప్ప కోసమే.

నిన్న తిరిగొచ్చాను. బస్సు దిగి గేటు దగ్గర నిలబడితే ముందు కనిపించింది తాడు. నీలంరంగు నైలాను తాడు. నా గుమ్మం నుంచి గుడి పక్కతలుపు దాకా తిన్నగా ఉంది. మెట్టు వచ్చే ప్రతిచోటా దానికి ఒక ముడి వేసి ఉంది, నువ్వు మెడపట్టీలో వేసినట్టే. ఇన్నాళ్లూ ఆ ముడులు నా అరచేతికి తగులుతూనే ఉన్నాయి. ఉపదేశికి తాడు కట్టడం కూడా రాదని విసుక్కునేవాణ్ణి.

గుడిలోకి వెళ్లాను. పీఠం మెట్ల అంచులకు తెల్లరంగు వేశారు. నేను నడిచే దారిలో బల్లలన్నీ పక్కకి జరిపి ఉన్నాయి. నా కుర్చీ మూలలకు గుడ్డ చుట్టి కుట్టారు, కుట్టు వంకరగా ఉంది, నీకు నచ్చదు. పాపసంకీర్తనపు తెర దగ్గరికొచ్చేసరికి, 'మీరు ఇబ్బంది పడతారని' అన్న మాట గుర్తొచ్చింది. అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

ఉపదేశిని పిలిచి, ఎవరికీ చెప్పొద్దన్నాను కదయ్యా అన్నాను. 'నేను చెప్పలేదు ఫాదర్, మీరే చెప్పారు' అన్నాడు. తాపీమేస్త్రి తల్లిని సమాధి చేసిన నాడట. ప్రార్థనలన్నీ ఒక్క మాట తప్పకుండా చదివానట, పుస్తకం తలకిందులుగా పట్టుకుని. చుట్టూ నిలబడ్డ అందరూ చూశారట. చివర్లో మేస్త్రి నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, తిప్పి, మళ్లీ నా చేతిలో పెట్టాడట. దుమ్ము దులుపుతున్నాడనుకున్నాను. తాడు ఆ మర్నాడే కట్టారు. నేను వాళ్ల దగ్గర దాస్తున్నాననుకున్నాను. వాళ్లు నా దగ్గర దాచారు.

ఈ ఉదయం పూజ చేశాను. సత్ప్రసాదం ఇస్తూ ఒక్కొక్క ముఖమూ చూశాను. అలవాటుకొద్దీ మేస్త్రి ఇంకా, 'ఫాదర్, నేను మేస్త్రిని' అన్నాడు. తెలుసయ్యా, గడ్డం నెరిసింది అన్నాను. వరస మొత్తం నవ్వింది.

చిన్న ఫాదరు ఇంకో వారం ఉంటాడు. ఆ నిధితో చదువుకున్నవాళ్లలో ఒకడు. మంచివాడు, పాట మాత్రం రాదు. ఆయన తాడు విప్పబోతే ఆపాను. 'ఇక మీకెందుకు ఫాదర్' అన్నాడు. నాకు కాదు, రేపు ముసలైతే నీకు, ఉండనీ అన్నాను. ఈలోగా వంటావిడ నిజంగానే దాని మీద దుప్పట్లు ఆరేస్తోంది. నేను చెప్పినట్టే సగం నేల మీదే ఉంటున్నాయి.

వచ్చే ఆదివారం రా. రెండు సగాలూ చెప్పు. వీళ్లకి రెండోది కొత్తగా చెప్పాల్సిన పని లేదు గానీ, వాళ్లు చేసినదాన్ని ఏమంటారో వాళ్లకి తెలియదు, అది చెప్పు. బావని కూడా తీసుకురా, అయిదు మాటలూ ఇక్కడే మాట్లాడమను.

రోడ్డు బాగుంది. ఎప్పుడూ బాగానే ఉంది.

తమ్ముడు